ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆటలో క్లబ్బు జమాఖర్చులు: పద్నాలుగు వారాల లెక్క

ఇంటర్నెట్‌లో ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బును మేనేజరుగా నడిపే ఆటను అనంతపురంలో కొత్తగా మొదలుపెట్టిన కాలేజీ కుర్రవాళ్లు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఏ ఆటగాణ్ణి కొంటే లీగు గెలవవచ్చునని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు వారి క్లబ్బు ఖాతా పుట తెరిపించి, సీజన్ చివరి సోమవారం నాటికి నిల్వ ఎంత ఉంటుందో చెప్పమంటాను. చాలామంది ఈ వారం మిగులు ఎంతో చెప్పగలరు గాని, సీజన్ మిగులు చెప్పలేరు. బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆటలలో క్లబ్బులు కుప్పకూలేది ఎక్కువగా అక్కడే కనుక, ఈ మార్గదర్శిలో ఆర్థిక వ్యవహారాలను మొదటి లెక్క నుంచి వరుసగా వివరిస్తాను. ఉదాహరణలకు ఇలాంటి ఆటలలో ఒకటైన బజర్‌బీటర్ పద్ధతిని ఆధారంగా తీసుకున్నాను. మీరు ఆడే ఆట వేరైతే అంకెలు, పేర్లు మారుతాయి గాని లెక్క కట్టే తీరు మారదు. కింద వేసిన డబ్బు అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి ఊహించి వేసినవే కాబట్టి, వాటి స్థానంలో మీ క్లబ్బు అంకెలు వేసుకోవాలి.

మొదటి మెట్టు: వారం లెక్క వదిలి సీజన్ లెక్క వేయడం

బజర్‌బీటర్‌లో ఒక లీగులో 16 జట్లు ఉంటాయి. అవి ఎనిమిదేసి జట్ల రెండు విభాగాలుగా ఆడతాయి. ప్రతి జట్టుకు సీజన్‌లో 22 లీగు మ్యాచ్‌లు ఉంటే, అందులో సొంత మైదానంలో జరిగేవి 11 మాత్రమే. సీజన్ మాత్రం 14 వారాలు సాగుతుంది. ఆటగాళ్ల జీతాలు ఆ 14 వారాలూ కట్టాలి. అంటే 11 మ్యాచ్‌ల టికెట్ డబ్బుతో 14 వారాల జీతాలు గట్టెక్కించాలన్నమాట. ఈ ఒక్క విషయం మనసులో నాటుకుంటే మిగిలిన నిర్ణయాలలో సగం వాటంతటవే తేలిపోతాయి.

ఒక నోటు పుస్తకంలో గాని, ఫోనులోని ఎక్సెల్‌లో గాని రెండు నిలువు వరుసలు గీయండి. జమ వైపు ఇంటి మ్యాచ్‌కు, అంటే సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌కు సగటు టికెట్ ఆదాయం 90,000 అనుకుందాం. పదకొండు మ్యాచ్‌లకు 9,90,000 అవుతుంది. టీవీ ఒప్పందం, టీ షర్టుల వంటి సరుకుల అమ్మకం కలిపి వారానికి 80,000 చొప్పున 14 వారాలకు 11,20,000 వస్తుంది. మొత్తం జమ 21,10,000. ఖర్చు వైపు సిబ్బందికి వారానికి 25,000, కొత్త కుర్రవాళ్లను వెదికే స్కౌటింగ్‌కు 5,000 వేస్తే, 14 వారాలకు 4,20,000 పోతుంది. మిగిలిన 16,90,000ను 14తో భాగిస్తే వారానికి సుమారు 1,20,700 వస్తుంది. ఆటగాళ్ల జీతాలకు ఈ క్లబ్బు కట్టగలిగిన గరిష్ఠ మొత్తం అదే.

ఇప్పుడు ఇంటి మ్యాచ్ ఉన్న ఒక వారాన్ని మాత్రమే చూసే మేనేజర్ ఎలా ఆలోచిస్తాడో చూడండి. టికెట్ల 90,000కు మరో 80,000 కలిపి, ఖర్చు 30,000 తీసేస్తే అతనికి 1,40,000 కనిపిస్తుంది. ఆ మేరకు జీతాలు పెంచుకుంటే ప్రతి ఇంటి మ్యాచ్ వారమూ ఖాతా సమంగానే తేలుతుంది కనుక, అతనికి ఏ అనుమానమూ రాదు. సీజన్ మొత్తానికి జీతాలు 19,60,000 అవుతాయి. చేతికొచ్చేది 16,90,000 మాత్రమే కాబట్టి, చివరికి 2,70,000 లోటు తేలుతుంది. లోటు కనిపించేది కూడా, ప్లేఆఫ్‌లకు (లీగు ముగిశాక పైస్థానాల జట్ల మధ్య జరిగే మ్యాచ్‌లకు) చేరని జట్లకు టికెట్ ఆదాయం ఆగిపోయే చివరి వారాలలోనే. అప్పుడు దిద్దుకునే వ్యవధి ఉండదు.

మన జిల్లాలో వర్షాధారంగా వేరుశనగ వేసే రైతు కాయలు అమ్మిన నెలలోనే చేతిలోని సొమ్మంతా ఖర్చు చేయడు. వచ్చే ఖరీఫ్ విత్తనానికి, వాన పడని రోజులకు ముందే పక్కన పెడతాడు. క్లబ్బు డబ్బును కూడా ఆ దృష్టితోనే చూడాలి. పై ఉదాహరణలో గరిష్ఠం 1,20,700 అయినా, నేనైతే జీతాల బిల్లును 1,05,000 దగ్గర ఆపుతాను. అప్పుడు సీజన్‌కు 2,20,000 మిగులుతుంది. ఒక కీలక ఆటగాడు గాయపడినా, నాలుగు మ్యాచ్‌లు వరుసగా ఓడి ప్రేక్షకులు తగ్గినా, ఆ మొత్తం క్లబ్బును నిలబెడుతుంది. కప్ మ్యాచ్‌ల ఆదాయాన్ని, ప్లేఆఫ్ ఆదాయాన్ని ఈ లెక్కలో ఎన్నడూ వేయవద్దు. అవి వస్తే అదనం, రాకపోతే నష్టం లేదు.

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో 1984-85 సీజన్ నుంచి జట్ల జీతాలపై పరిమితి అమలులో ఉంది. తొలి ఏడాది ఆ పరిమితి 36 లక్షల డాలర్లు. అక్కడ లీగు విధించే హద్దును ఇక్కడ మేనేజర్ తనకు తానే విధించుకోవాలి.

రెండవ మెట్టు: ఆటగాడి అసలు ఖరీదు కట్టడం

వేలంలో కనిపించే ధర ఆటగాడి ఖరీదులో ఒక భాగం మాత్రమే. కొన్న ధరకు, అతణ్ణి ఉంచుకోదలచిన వారాల జీతాన్ని కలిపి, అందులోంచి తిరిగి అమ్మితే చేతికొచ్చే మొత్తాన్ని తీసేస్తేనే అసలు ఖరీదు తేలుతుంది. ఒకే స్థాయిలో ఆడే ఇద్దరు సెంటర్లను, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరులను పోల్చి చూద్దాం. మొదటివాడి ధర 2,00,000, వారం జీతం 18,000. రెండవవాడి ధర 4,00,000, వారం జీతం 9,000. రెండు సీజన్లు, అంటే 28 వారాలు ఉంచుకుంటే మొదటివాడికి మొత్తం 7,04,000 అవుతుంది, రెండవవాడికి 6,52,000 అవుతుంది. ధర రెట్టింపు ఉన్న ఆటగాడే 52,000 తక్కువకు దొరికినట్టు. పైగా తక్కువ జీతం ఆటగాణ్ణి తరువాత కొనడానికి ఎక్కువమంది ముందుకొస్తారు కనుక, అమ్మకం ధరలో కూడా అతనిదే పైచేయి అవుతుంది.

ఇంత తేడా ఎందుకు వస్తుందో తెలుసుకోవాలంటే జీతం ఎలా నిర్ణయమవుతుందో తెలియాలి. బజర్‌బీటర్‌లో జీతాన్ని మేనేజర్ బేరమాడి నిర్ణయించడు. ఆటగాడి నైపుణ్యాలను బట్టి ఆటే లెక్కకడుతుంది. పొడగరులైన సెంటర్లలో బుట్ట దగ్గర స్కోరు చేయడం, బుట్ట దగ్గర కాపు కాయడం, రీబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతులు) అందుకోవడం అనే ప్రధాన నైపుణ్యాలు పెరిగేకొద్దీ జీతం వేగంగా ఎగబాకుతుంది. అదే సెంటర్‌కు పాస్ ఇవ్వడం, బంతిని అదుపులో ఉంచుకోవడం, బయటి నుంచి కాపు కాయడం వంటి రెండవ శ్రేణి నైపుణ్యాలు పెరిగితే జీతంపై పడే భారం చాలా తక్కువ. అందువల్ల రెండు మూడు నైపుణ్యాలలో మాత్రమే శిఖరానికి చేరి మిగిలినవాటిలో బలహీనంగా ఉన్న ఆటగాడు, జీతం ఎంత పుచ్చుకున్నా మైదానంలో అంత ఫలితం ఇవ్వడు. అన్నింటిలో సమతూకంగా ఉన్నవాడు తక్కువ జీతానికే దాదాపు అంత పని చేసిపెడతాడు. వేలం జాబితా చూసేటప్పుడు జీతం అంకె పెద్దదైతే ఆటగాడు గొప్పవాడనుకోవడం సహజం. ఆ అలవాటును మాత్రం పట్టుబట్టి వదిలించుకోవాలని గట్టిగా చెబుతాను.

జీతాలు కొత్త సీజన్ మొదట్లోనే తిరగరాయబడతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. సీజన్ అంతా శిక్షణ పొందిన కుర్రవాడు పాత జీతానికే ఆడతాడు. సీజన్ మారగానే అతని జీతం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇది మధ్యకాలంలో మీకు లాభం, చివర్లో భారం.

వయసు సంగతి క్లుప్తంగా చెబుతాను. ముప్పై దాటిన ఆటగాడు తక్కువ ధరకు దొరుకుతాడు గాని, తిరిగి అమ్మితే వచ్చేది చాలా తక్కువ. కాబట్టి అతని కొనుగోలు ధరను పూర్తిగా ఖర్చు కిందనే రాసుకోవాలి. ఒక సీజన్ పైలీగుకు ఎక్కే ప్రయత్నంలో ఉన్న క్లబ్బుకు అతను పనికొస్తాడు, ఎదిగే దశలో ఉన్న క్లబ్బుకు పనికిరాడు.

మూడవ మెట్టు: జట్టులో ఎందరుండాలి

బజర్‌బీటర్‌లో మ్యాచ్ 48 నిమిషాలు. ఐదు స్థానాలకు కలిపి ఒక మ్యాచ్‌లో 240 నిమిషాల ఆట ఉంటుంది. వారంలో మంగళవారం, శనివారం లీగు మ్యాచ్‌లు, మధ్యలో గురువారం కప్ మ్యాచో స్నేహపూర్వక మ్యాచో ఉంటే, వారానికి 720 నిమిషాలు. ఆటగాడు మంచి ఫామ్‌లో ఉండాలంటే వారానికి ఒక గంట అటూ ఇటూ ఆడాలి. మరీ తక్కువ ఆడినా, మరీ ఎక్కువ ఆడినా ఫామ్ దిగజారుతుంది. 720ని 60తో భాగిస్తే 12 వస్తుంది. అంతకు మించి ఉన్న ప్రతి ఆటగాడూ ఆడకుండా జీతం తీసుకుంటున్నాడనే లెక్క. చాలా క్లబ్బులలో ముగ్గురు నలుగురు ఇలా బెంచీ మీదనే సీజన్ గడిపేస్తుంటారు. వారి జీతాలను సీజన్‌కు గుణించి చూస్తే, ఒక మంచి కొనుగోలుకు సరిపడే సొమ్ము అక్కడే బయటపడుతుంది.

నాలుగవ మెట్టు: శిక్షణను ఆదాయంగా మార్చడం

కింది లీగులలో ఉన్న క్లబ్బుకు టికెట్ల కంటే నమ్మకమైన సంపద శిక్షణ ద్వారా వస్తుంది. శిక్షణ ఫలితాలు శుక్రవారం వెలువడతాయి. ఎంచుకున్న స్థానంలో వారంలో 48 నిమిషాలు ఆడినవారికి పూర్తి ఫలితం దక్కుతుంది. ఒకే స్థానానికి శిక్షణ ఇస్తే మూడు మ్యాచ్‌లలో 144 నిమిషాలు ఉంటాయి కనుక ముగ్గురికి సరిపోతుంది. రెండు స్థానాలకు కలిపి ఇస్తే ఆరుగురికి సరిపోతుంది గాని, ఒక్కొక్కరి ఎదుగుదల కొంత నెమ్మదిస్తుంది.

ఎవరిని ఎంచుకోవాలన్న విషయంలో తొందరపడకూడదు. వయసు పద్దెనిమిది దగ్గర ఉన్నవాడు వేగంగా నేర్చుకుంటాడు. పొడవైనవాడు బుట్ట దగ్గరి నైపుణ్యాలను, పొట్టివాడు బంతి అదుపు, పాస్‌ల వంటి గార్డు (బుట్టకు దూరంగా ఉండి ఆట నడిపేవాడు) నైపుణ్యాలను త్వరగా అందుకుంటాడు. ఆటలో కనిపించే సహజ సామర్థ్యపు గరిష్ఠ స్థాయి తక్కువగా ఉన్న కుర్రవాడు ఒక దశ దాటాక ఎదగడు కనుక, ఎంత చవకగా దొరికినా అతనిపై సీజన్లు వెచ్చించకండి. ముగ్గురు పొడవైన కుర్రవాళ్లను కొని, వారి మధ్య నిమిషాలు జాగ్రత్తగా పంచుతూ, మొదట రెండవ శ్రేణి నైపుణ్యాలను పెంచి ఆ తరువాతనే ప్రధాన నైపుణ్యాలకు వెళ్లే క్రమాన్ని నేను సమర్థిస్తాను. అలా చేస్తే శిక్షణ కాలమంతా జీతాలు అదుపులో ఉంటాయి, అమ్మే నాటికి సమతూకమైన ఆటగాళ్లు చేతిలో ఉంటారు.

అమ్మకపు గడువును ముందే నిర్ణయించుకోవాలి. కుర్రవాడి జీతం మీరు విధించుకున్న బిల్లులో ఐదో వంతు దాటే సీజన్‌కు ముందే అతణ్ణి వేలానికి పెట్టడం మంచిది. పెంచి పెద్దచేసినవాణ్ణి వదులుకోవడం కష్టంగా ఉంటుంది, అది నిజమే. అయినా ఆ సొమ్ముతో మరో ముగ్గురు కుర్రవాళ్లు, కొన్ని వందల సీట్లు వస్తాయి.

ఐదవ మెట్టు: వేలంలో గడియారం చూడటం

ఇది మన ప్రాంతం నుంచి ఆడేవారికి ప్రత్యేకంగా ఉపయోగపడే విషయం. ఈ ఆటను ఆడేవారిలో ఐరోపా వారు ఎక్కువ. మధ్య ఐరోపా సమయం మన కంటే చలికాలంలో 4 గంటల 30 నిమిషాలు, వేసవిలో 3 గంటల 30 నిమిషాలు వెనక నడుస్తుంది. అక్కడి వారు తీరికగా కంప్యూటర్ ముందు కూర్చునే రాత్రి 9 గంటలు చలికాలంలో మనకు ఒంటిగంటన్నర, వేసవిలో పన్నెండున్నర. ఆ వేళ ముగిసే వేలాల్లో పోటీ తీవ్రంగా ఉంటుంది, ధరలు పైకి పోతాయి.

మనకు ఉదయం 10, 11 గంటల మధ్య పరిస్థితి వేరు. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని మనం కాలేజీకో ఆఫీసుకో చేరుకునే ఆ వేళకు ఐరోపాలో అప్పుడప్పుడే తెల్లవారుతూ ఉంటుంది, అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి అవుతుంది. ఆ గంటలో ముగిసే వేలం పాటలను ముందు రాత్రే గుర్తు పెట్టుకుని, మీరు లెక్కగట్టిన గరిష్ఠ ధరను కాగితం మీద రాసుకుని, గడువుకు పది నిమిషాల ముందు ఫోను చేతిలోకి తీసుకోండి. చివరి నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడువు మరికొంత పొడిగించే పద్ధతి ఉంది కాబట్టి ఆఖరి క్షణంలో ఎగరేసుకుపోవచ్చునన్న ఆశ పెట్టుకోవద్దు. ఎదుటివాడు పెంచుతాడు, మీరు పెంచుతారు, గడువు జరుగుతుంది. రాసుకున్న అంకె దాటిన క్షణాన ఫోను పక్కన పెట్టేయగలిగితే చాలు. అదే స్థాయి ఆటగాడు మరో వారంలో మళ్లీ జాబితాలో కనిపిస్తాడు.

అమ్మేటప్పుడు దీనికి తలకిందులుగా చేయాలి. వేలానికి పెట్టిన గడియను బట్టే ముగింపు గడియ నిర్ణయమయ్యే ఆటలలో, మన అర్ధరాత్రి ప్రాంతంలో పాట ముగిసేలా పెట్టండి. అమ్మిన సొమ్ములో ఏజెంటు కోత ఉంటుందని మరవకండి. కొన్న కొద్ది రోజులకే అమ్మితే కోత ఎక్కువగా, జట్టులో ఎక్కువ వారాలు ఉంచి అమ్మితే తక్కువగా పడుతుంది. చవకగా కొని వారంలోనే లాభానికి అమ్ముదామనే ఆలోచన ఈ కోత వల్ల సాధారణంగా కలిసిరాదు.

ఆరవ మెట్టు: మైదానం, టికెట్లు

మైదానంలో నాలుగు రకాల సీట్లు ఉంటాయి: చవకైన సాధారణ గ్యాలరీ, కింది వరుసలు, కోర్టు పక్క సీట్లు, విలాసవంతమైన బాక్సులు. సీటు కట్టేముందు అది ఎన్ని నిండు మ్యాచ్‌లలో తన ఖర్చు రాబడుతుందో చూడాలి. సీటుకు 300 ఖర్చయి టికెట్ 12 అయితే 25 మ్యాచ్‌లు కావాలి. సీజన్‌కు 11 ఇంటి మ్యాచ్‌లే కనుక, సీటు ప్రతిసారీ నిండినా మూడవ సీజన్‌లో గాని పెట్టుబడి తిరిగిరాదు. సగం సార్లే నిండితే ఐదవ సీజన్ దాకా ఆగాలి.

అందుకే మైదానం కిక్కిరిసినంత మాత్రాన వెంటనే కట్టడం మొదలుపెట్టవద్దు. ముందు ధర పెంచి చూడండి. పది చొప్పున 5,000 టికెట్లు అమ్ముడైతే 50,000 వస్తుంది. పదకొండు చేసినప్పుడు 4,700 మంది వస్తే 51,700 వస్తుంది. పన్నెండు చేసినప్పుడు 4,200 మందే వస్తే 50,400కు దిగుతుంది. కాబట్టి పదకొండు దగ్గర ఆగాలి. జట్టు గెలుపోటములు, ప్రత్యర్థి స్థాయి కూడా హాజరును మారుస్తాయి కనుక ఒక్క మ్యాచ్ చూసి తీర్పు చెప్పకుండా, ఒక్కో ధరను రెండు మూడు ఇంటి మ్యాచ్‌లకు అలాగే ఉంచి పోల్చాలి. సరైన ధర దగ్గర కూడా మైదానం నిండుతూ ఉంటే అప్పుడు కట్టండి, అది కూడా నిండుతున్న రకం సీట్లనే.

ఏడవ మెట్టు: సిబ్బంది, స్కౌటింగ్

శిక్షకుడు, వైద్యుడు, ప్రచార అధికారి అని ముగ్గురు ఉంటారు. శిక్షణను ఆదాయంగా నమ్ముకున్న క్లబ్బు మంచి శిక్షకుడికి ఖర్చు పెట్టాలి, వైద్యుడి విషయంలో తక్కువ స్థాయితో సరిపెట్టుకోవచ్చు. వారి జీతాలు వారం వారం పెరుగుతుంటాయి. కాబట్టి నెలకొకసారి చూసి, అదే స్థాయివారు తక్కువ జీతానికి దొరుకుతుంటే మార్చేయండి. డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రవాళ్లను క్లబ్బులకు పంచే పద్ధతిలో) వచ్చే కుర్రవాళ్లకు శిక్షణ ఇచ్చే ఉద్దేశం లేకపోతే స్కౌటింగ్ ఖర్చు పూర్తిగా ఆపేయవచ్చు.

ఎనిమిదవ మెట్టు: సీజన్ మారే వారాలు

లీగు మ్యాచ్‌లు ముగిశాక వచ్చే వారాలలో జీతాలు ఆగవు. ప్లేఆఫ్‌లకు చేరని క్లబ్బుకు టికెట్ ఆదాయం ఉండదు. కనుక ఆఖరి ఇంటి మ్యాచ్ నాటికి కనీసం మూడు వారాల జీతాల బిల్లు నిల్వలో ఉండాలి. నిల్వ సున్నాకు దిగినవారు వేలంలో పాట పాడలేరు, కొత్త సీజన్‌కు ముందు దొరికే మంచి అవకాశాలన్నీ చేజారిపోతాయి. పెరగబోయే జీతాలకు భయపడి చాలామంది ఖరీదైన ఆటగాళ్లను ఆ వారాలలోనే వదిలించుకుంటారు కనుక, చేతిలో డబ్బున్నవాడికి అది కొనుగోలు కాలం.

పై లీగుకు ఎక్కితే టీవీ ఆదాయం పెరుగుతుంది. ఆ పెరుగుదల ఖాతాలో కనిపించక ముందే దాన్ని చూపి కొత్త జీతాలు ఒప్పుకోకండి. ఎక్కిన తొలి సీజన్‌లో ఓటములు ఎక్కువగా ఉండి, ప్రేక్షకులు తగ్గే అవకాశం ఉంటుంది. కింది లీగుకు దిగినవారు మాత్రం ఆలస్యం చేయకుండా, కొత్త ఆదాయంతో మొదటి మెట్టులోని లెక్కను మళ్లీ వేసి, వచ్చిన హద్దుకు జీతాలు తగ్గేదాకా అమ్మాలి. ముందుగా అమ్మవలసింది, ఆడే నిమిషాలతో పోల్చితే ఎక్కువ జీతం తీసుకుంటున్నవారిని. ఆ తరువాత వయసు పైబడినవారిని. శిక్షణలో ఉన్న కుర్రవాళ్లను అన్నింటికంటే చివర.

సీజన్ ఆఖరి సోమవారం ఖాతా తెరిచి, ఒక్కో ఆటగాడి పేరు పక్కన ఇప్పటి జీతం, ఈ సీజన్‌లో పెరిగిన నైపుణ్యాలు, అదే స్థాయి ఆటగాళ్లు వేలం జాబితాలో తీసుకుంటున్న జీతం రాయండి. మూడవ గడిలోని అంకెలను కూడితే వచ్చే సీజన్ బిల్లు ఎంతవుతుందో దాదాపుగా తెలుస్తుంది. అది మీ హద్దును దాటుతుంటే, కొత్త జీతాలు అమలయ్యే లోపలే ఎవరిని పాటకు పెట్టాలో ఆ రాత్రే తేల్చుకోండి.